సాంబ్రాణి: మందు పేరు పొగకు చెల్లునా?

తలంటుపోసిన పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయని ఇల్లు తెలుగునాట నిన్నమొన్నటి వరకు అరుదు. పట్టణాలలో సైతము ఈ ఆచారము నేటికీ ఉన్నది. కుంపటిలో నిప్పులు, నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి పొడి, పైకి లేచే తెల్లని పొగ, ఆ పొగమీద అటూ ఇటూ తిప్పే బిడ్డ - ఈ దృశ్యము ఎరుగనివారు మన పాఠకులలో కొద్దిమందే ఉంటారు. బాలింతరాలు నిప్పుల మీద వెదురుబుట్ట బోర్లించి, దానిపై జుట్టు పరచి ఆరబెట్టుకొనుట కూడ ఇటువంటిదే. ఈ పొగ వలన జలుబు చేయదనీ, తలలోని నీరు లాగివేస్తుందనీ, గదిలోని క్రిములు నశిస్తాయనీ పెద్దలు చెబుతారు. గృహవైద్యమును గురించిన చిన్న పుస్తకాలు ఈ మాటలనే అచ్చువేసి, చివర మరొక మాట చేరుస్తాయి: సాంబ్రాణిలో బెంజోయికామ్లము ఉన్నది, అది క్రిములను చంపుతుంది, కనుక ఈ ఆచారము శాస్త్రసమ్మతము అని.

ఇక్కడ విమర్శకు తీసుకొన్నది ఆ చివరి మాటనే. ఆచారాన్ని ఎగతాళి చేయుట మన ఉద్దేశము కాదు. సాంబ్రాణికి వైద్యములో నిజమైన స్థానమే ఉన్నది. ఆ స్థానము ఎక్కడ, ఎంతవరకు, అక్కడ సంపాదించుకొన్న పేరు పొగకు కూడ చెల్లుతుందా అన్నవి మన ప్రశ్నలు. పొగను పీల్చేది నోరులేని పసిబిడ్డ. అందుచేత ఈ ప్రశ్నలు కేవలము పాండిత్యము కొరకు వేసేవి కావు.

పేరు ఒకటి, పదార్థములు పలు

అసలు సాంబ్రాణి స్టైరాక్స్ జాతి చెట్ల నుండి వచ్చే రెసిను. సుమత్రా దీవిలో స్టైరాక్స్ బెంజోయిన్, స్టైరాక్స్ పారలెలోన్యూరం అనే చెట్ల నుండి సుమత్రా సాంబ్రాణి వస్తుంది. లావోసు, వియత్నాము కొండలలోని స్టైరాక్స్ టొంకినెన్సిస్ నుండి వచ్చేది సయాము సాంబ్రాణి. గాయపడని చెట్టులో ఈ రెసిను ఉండదు. బెరడుకు గాటు పెట్టిన తరువాతనే చెట్టు దీనిని తయారుచేస్తుంది. గాటు నుండి కారి గట్టిపడిన ముద్దలను రైతులు గీకి తీస్తారు.

దూరదేశపు సరకు మన ఇళ్లలోనికి ఎట్లా వచ్చినది? సుమత్రా పడమటి తీరములోని బారుస్ రేవు కర్పూరానికీ సాంబ్రాణికీ పూర్వము పేరుపడినది. 1088వ సంవత్సరపు తమిళ శాసనమొకటి ఆ సమీపములోని లోబు తువా వద్ద దొరికినది. దక్షిణ భారత వర్తకుల సంఘము ఒకటి అక్కడ వ్యాపారము చేసినదని దానివలన తెలుస్తున్నది. అరబ్బులు ఈ ధూపద్రవ్యాన్ని "లుబాన్ జావి", అనగా జావా ధూపము, అని పిలిచారు. ఆ రోజులలో వారు సుమత్రాను కూడ జావా అనేవారు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బటూటా సుమత్రాలో ఈ చెట్లను గురించి వ్రాశాడు. ఐరోపావారి నోట మొదటి అక్షరము జారిపోయి, "లుబాన్ జావి" క్రమముగా "బెంజోయిన్" అయినది.

అంగడిలో సాంబ్రాణి పేరుతో దొరికేదంతా ఇది కాదు. మన అడవులలోని అందుగు చెట్టు బంకను పరంగి సాంబ్రాణి అంటారు. దాని శాస్త్రీయనామము బోస్వెల్లియా సెరాటా. సాలవృక్షపు గుగ్గిలము కూడ ధూపములో కలుస్తుంది. ఆయుర్వేదములోని గుగ్గులు వేరు. అది రాజస్థానము, గుజరాతులలో పెరిగే కామిఫోరా వైటీ అనే ముళ్లపొద నుండి వచ్చేది. గుగ్గిలము, గుగ్గులు అనే పేర్లలోని పోలిక చూచి ఒకదాని గుణాలను మరొకదానికి అంటగట్టుట సామాన్యముగా జరిగే పొరపాటు. నేడు అమ్మే కప్పు సాంబ్రాణిలో బొగ్గుపొడి, సువాసన ద్రవ్యములు కలిసి ఉంటాయి.

ఒక మందు గుణాన్ని చెప్పేవారు మొదట ఆ మందు ఏదో చెప్పవలెను. చిన్న పుస్తకాలలో కనిపించే మొదటి లోపము ఇక్కడనే ఉన్నది. స్టైరాక్స్ రెసినుకు ఉన్న గుణము అందుగు బంకకు దానంతట అది రాదు. బోస్వెల్లియా మీద జరిగిన పరిశోధన బెంజోయిన్‌కు సాక్ష్యము కాదు.

మందుగా సాంబ్రాణి

సాంబ్రాణిని ఆల్కహాలులో నానబెట్టి వడపోస్తే గోధుమరంగు ద్రావణము వస్తుంది. స్టోరాక్స్, టోలూ బాల్సము, ముసాంబరము కూడ చేర్చి తయారుచేసిన దానిని సంయుక్త బెంజోయిన్ టింక్చరు అంటారు. ఆంగ్లేయుల ఇళ్లలో దీనికి "ఫ్రయర్స్ బాల్సమ్" అని పేరు. దీనిని చర్మము మీద పూసినప్పుడు ఆల్కహాలు ఆవిరైపోయి, రెసిను పలుచని పొరగా మిగులుతుంది. ఆ పొర చర్మాన్ని కప్పుతుంది. పైన అంటించే పట్టీ ఊడిపోకుండ పట్టుకొంటుంది. మన ఆసుపత్రులలో వెన్నులో సూది గుచ్చి నీరు తీసిన తరువాత, ఆ చిన్న రంధ్రము మీద టింక్చరు బెంజోయిన్‌లో తడిపిన దూదిని అంటించుట వైద్య విద్యార్థులందరికీ తెలుసు.

ఈ ఉపయోగము చిన్నదే కాని నిజమైనది. రెసిను జిగురుగా ఉండుట, పొర కట్టుట అనే భౌతికగుణాల మీద ఇది ఆధారపడినది. దీనికీ హద్దులు ఉన్నవి. కొందరి చర్మానికి ఇది పడదు. పూసినచోట దద్దురు, దురద, నీటిపొక్కులు వస్తాయి. పెరూ బాల్సము పడనివారికి ఇది కూడ పడకపోవచ్చును. ఇందులో ఆల్కహాలు అధికము కనుక నిప్పు సమీపములో ఉంచరాదు. ఇది త్రాగే మందు కాదు.

సాంబ్రాణి చేసిన రెండవ ఉపకారము రసాయనశాస్త్రానికి. దానిని మెల్లగా వేడిచేస్తే తెల్లని సూదులవంటి స్ఫటికాలు పైన చల్లని చోట పేరుకొంటాయని 16వ శతాబ్దములోనే తెలుసు. అదే బెంజోయికామ్లము. 1775లో షీలే సున్నపునీటి సహాయముతో దానిని వేరుచేసే పద్ధతి చూపాడు. 1832లో లీబిగ్, వోలర్ దాని సంఘటనమును నిర్ణయించారు. 1833లో మిచర్లిక్ ఆ ఆమ్లాన్ని సున్నముతో కలిపి బట్టీపట్టి ఒక ద్రవాన్ని పొంది, దానికి బెంజిన్ అని పేరు పెట్టాడు. ఫారడే 1825లో దీపపు వాయువు తయారీలో మిగిలిన నూనె నుండి వేరుచేసిన ద్రవమే అది. నేటి బెంజీను పేరు ఆ విధముగా ఒక ధూపద్రవ్యము నుండి పుట్టినది.

1875లో సాల్కోవ్‌స్కీ బెంజోయికామ్లము బూజును అరికడుతుందని గుర్తించాడు. తామరకు పూసే విట్‌ఫీల్డు లేపనములో బెంజోయికామ్లము నూటికి 6 పాళ్లు, సాలిసిలికామ్లము 3 పాళ్లు ఉంటాయి. సీసాలలో అమ్మే పండ్లరసాలు చెడిపోకుండ కలిపే సోడియం బెంజోయేటు ఈ ఆమ్లపు లవణమే. ఈ పనులకు వాడే ఆమ్లాన్ని నేడు సాంబ్రాణి నుండి కాక, టోలుయీన్ నుండి కర్మాగారాలలో తయారుచేస్తారు.

వాదములోని లొసుగు

"సాంబ్రాణిలో బెంజోయికామ్లము ఉన్నది" అన్న మొదటి మెట్టు, సరకు అసలైనదైతే, నిజము. "బెంజోయికామ్లము క్రిములను అరికడుతుంది" అన్న రెండవ మెట్టు కొంతవరకు నిజము. "కనుక పొగ క్రిములను చంపి బిడ్డను కాపాడుతుంది" అన్న మూడవ మెట్టుకు పై రెండు మెట్ల నుండి దారి లేదు.

బెంజోయికామ్లము ఆమ్లత్వము గల చోటనే బాగుగా పనిచేస్తుంది. అయాన్లుగా విడిపోని అణువు మాత్రమే సూక్ష్మజీవి పైపొరను సులభముగా దాటగలదు. పి.హెచ్. 4.2 వద్ద సగము అణువులు విడిపోకుండ ఉంటాయి. పి.హెచ్. 7 వద్ద అట్టివి వెయ్యింట రెండు పాళ్లకు మించవు. లాగరిథములు నేర్చిన విద్యార్థి ఈ లెక్కను తానే సరిచూచుకొనవచ్చును. నిమ్మరసములో పనిచేసే పదార్థము, తటస్థ స్థితికి దగ్గరగా ఉండే ముక్కుపొరల తడిలో అదే బలముతో పనిచేస్తుందని అనుకొనరాదు.

పొగకు అనుకూలముగా తరచు చూపే పరిశోధన ఒకటి ఉన్నది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవారు 2007లో ప్రకటించినది. మూసిన గదిలో కట్టెలతో పాటు హవన సామగ్రిని ఒక గంటసేపు కాల్చినప్పుడు గాలిలోని బాక్టీరియా సంఖ్య నూటికి 94 పాళ్లకు పైగా తగ్గినదని వారు వ్రాశారు. దానిని కాదనవలసిన పని లేదు. కాని అది చెప్పినదేమిటి, చెప్పనిదేమిటి అని చూడవలెను. కాల్చినది సాంబ్రాణి ఒక్కటే కాదు. లెక్కించినది గాలిలోని బాక్టీరియాను, రోగులను కాదు. పసిబిడ్డల జలుబుకు ముఖ్య కారణము వైరసులు. వాటిని అందులో పరీక్షింపలేదు. పొగలో గంటసేపు మనిషి ఉంటే అతని ఊపిరితిత్తులు ఏమవుతాయన్నది ఆ ప్రయోగానికి సంబంధించిన ప్రశ్నే కాదు. బాక్టీరియా తగ్గినదనే ఒక్క వాక్యాన్ని పట్టుకొని, బిడ్డకు మేలు జరిగినదనే వాక్యాన్ని వ్రాయుట శాస్త్రపద్ధతి కాదు.

పొగ తగిలినప్పుడు ముక్కు కారుట, దగ్గు వచ్చుట చూచి "కఫము విడిపోతున్నది" అంటారు. బెంజోయికామ్లపు ఆవిరి గొంతును రేపుతుంది. అందుకే తుమ్ములు, దగ్గు వస్తాయి. ముక్కు కారుట పొరలు తమను తాము రక్షించుకొనే ప్రయత్నము. బాధను గుణమనుకొనుట వైద్యచరిత్రలో పాత పొరపాటు.

ఇక తల ఆరుట సంగతి. తడి ఆరేది నిప్పుల వేడి వలన. సాంబ్రాణి వేయకపోయినా అంతే ఆరుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, గాలి వీచని వెచ్చని చోట ఉంచితే బిడ్డ తలకు చాలును.

వేడినీటిలో టింక్చరు వేసి ఆవిరి పట్టుట పొగ కంటె వేరు. అందులో మసి లేదు. వెచ్చని తేమగాలి వలన జలుబు తగ్గునా అని జరిగిన ఆరు పరీక్షలను, 387 మందిని, కోక్రేన్ సమీక్షకులు 2017లో పరిశీలించారు. మేలు ఉన్నదని గాని కీడు ఉన్నదని గాని చెప్పుటకు తగిన ఆధారము వారికి దొరకలేదు. పట్టినవారికి కొంతసేపు హాయిగా ఉండవచ్చును. మరుగునీరు ఒలికి పిల్లలు కాలుట మాత్రము అనుమానము లేని ప్రమాదము. పొయ్యి మీది పాత్రలో టింక్చరు పోస్తే ఆల్కహాలు అంటుకొనవచ్చును.

ఒక చిన్న లెక్క

పొగ అనేది వాయువు మాత్రమే కాదు. అతి సూక్ష్మమైన ఘన, ద్రవ కణముల మేఘము. 2.5 మైక్రానుల కంటె చిన్న కణములు ముక్కులోని వెంట్రుకలకు, తేమకు చిక్కక ఊపిరితిత్తుల లోపలి గదుల వరకు పోతాయి. 2008లో వెలువడిన ఒక సమీక్షా వ్యాసము ప్రకారము ఒక గ్రాము ధూపద్రవ్యము కాలినప్పుడు సగటున 45 మిల్లీగ్రాములకు పైగా కణములు వెలువడతాయి. సిగరెట్టు ఒక గ్రాము కాలినప్పుడు వచ్చేవి సుమారు 10 మిల్లీగ్రాములు. ఈ అంకె ధూపద్రవ్యాల సగటు. ప్రతి సాంబ్రాణికి ఇదే వర్తిస్తుందనలేము. అయినా అంచనాకు పనికివస్తుంది.

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణము 36 ఘనమీటర్లు. అందులో 2 గ్రాముల ధూపము కాలిస్తే 90 మిల్లీగ్రాములు, అనగా 90,000 మైక్రోగ్రాముల కణములు వెలువడతాయి. తలుపులు మూసి, గది అంతటా సమముగా వ్యాపించినవనుకొంటే ఘనమీటరుకు 2,500 మైక్రోగ్రాములు. ఆ స్థితి ఒక్క గంట మాత్రమే ఉండి, మిగిలిన 23 గంటలు గాలి పరిశుద్ధముగా ఉన్నదనుకొన్నా, రోజు సగటు 104 అవుతుంది. బయటి గాలిలో 2.5 మైక్రానుల లోపు కణములకు భారతప్రభుత్వము 2009లో నిర్ణయించిన 24 గంటల హద్దు 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15. మన అంచనా నాలుగింతలు ఎక్కువగా ఉన్నదనుకొన్నా, ఈ రెండవ హద్దు ఒక్క ధూపముతో దాటిపోతుంది.

పెద్దలు నిమిషానికి 12 నుండి 20 సార్లు ఊపిరి తీస్తారు. అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుండి 60 సార్లు తీస్తుంది. బరువుతో పోల్చి చూస్తే పెద్దవారి కంటె బిడ్డ పీల్చే గాలి ఎక్కువ. పైగా బిడ్డను ఉంచేది గది మూలలో కాదు, కుంపటికి సరిగా పైన. అక్కడి పొగ మన లెక్కలోని సగటు కంటె ఎన్నో రెట్లు చిక్కన. నిప్పులు ఎర్రగా రాజుకొనేటప్పుడు కార్బన్ మోనాక్సైడు కూడ వెలువడుతుంది. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువు కంటె ఆ వాయువును రెండువందల రెట్లకు మించిన మక్కువతో పట్టుకొంటుంది. మూసిన గదిలో బాలింతను, బిడ్డను ఉంచి కుంపటి పెట్టుట ఈ కారణము చేతనే మిక్కిలి ప్రమాదము. ఉబ్బసము ఉన్న పిల్లలకు ఏ పొగ అయినా ఆయాసము తెప్పించగలదు.

అవతలి పక్షము పొరపాటు

సాంబ్రాణిని నిందించేవారిలోనూ తొందరపాటు ఉన్నది. "బెంజోయిన్‌లో బెంజీను ఉన్నది, బెంజీను క్యాన్సరు కలిగిస్తుంది, కనుక సాంబ్రాణి విషము" అనేవారు ఉన్నారు. ఇది పేరు చూచి చేసిన వాదము. బెంజీనుకు పేరు సాంబ్రాణి నుండి వచ్చినది కాని, సాంబ్రాణి బెంజీనుతో చేసినది కాదు. ఏ సేంద్రియ పదార్థము సగముసగముగా కాలినా పొగలో కొంత బెంజీను పుడుతుంది. కట్టెల పొగలోనూ అది ఉంటుంది. అభ్యంతరము పొగ మీదనే కాని పేరు మీద కాదు.

సింగపూరులో 61,320 మంది చైనీయులను అనేక సంవత్సరాలు గమనించి 2008లో ఒక నివేదిక ప్రకటించారు. ఇంటిలో చిరకాలము ధూపము వేసేవారిలో ముక్కు, నోరు, గొంతు భాగాల క్యాన్సర్లు కొన్ని ఎక్కువగా కనిపించినవి. ఊపిరితిత్తుల క్యాన్సరు మొత్తము మీద పెరిగినట్లు కనిపించలేదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పుట న్యాయము. వారు గమనించినది చిరకాలపు వాడుకను. పండుగనాడు వేసిన ధూపము క్యాన్సరు తెస్తుందని దీని అర్థము కాదు.

"మన పెద్దలందరూ ఈ పొగలోనే పెరిగారు కదా, వారికి ఏమైనది?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. బ్రతికి పెద్దవారైనవారే ఈ ప్రశ్న వేయగలరు. పసితనములో దగ్గు, ఆయాసముతో పోయినవారు వచ్చి సాక్ష్యము చెప్పలేరు. పొగవలన ఎందరు పోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. మేలు పొందినవారినీ లెక్కపెట్టలేదు. లెక్కలేని అనుభవము రెండు పక్షాలకూ సాక్ష్యము కాదు. పైగా మండువా లోగిలిలో పైకి పోయే దారి ఉన్న పొగ, నేటి మేడలో కిటికీలు బిగించిన గదిలో నిలిచిపోతుంది.

తరగతి గదిలో, ఇంటిలో

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ఒక చక్కని పాఠముగా మలచవచ్చును. అంగడి నుండి నాలుగు రకాల సాంబ్రాణి తెప్పించండి. కొద్ది పొడిని నీటితో నూరితే అందుగు బంక పాలవంటి ద్రవము ఇస్తుంది. అసలు సాంబ్రాణి నీటిలో కలియదు, ఆల్కహాలులో కరుగుతుంది. అసలు సాంబ్రాణి పొడిని పింగాణి గిన్నెలో ఉంచి, పైన గరాటు బోర్లించి, సన్నని సెగ మీద వేడిచేస్తే బెంజోయికామ్లపు స్ఫటికాలు గరాటు లోపలి గోడకు పేరుకొంటాయి. సుమత్రా రకములో సినమికామ్లము ఉంటుంది. దానిని పొటాషియం పర్మాంగనేటు ద్రావణముతో వెచ్చచేస్తే చేదుబాదము వాసన వస్తుంది. ఈ ప్రయోగాలను కిటికీలు తెరచి, ఉపాధ్యాయుడు దగ్గర ఉండి చేయించవలెను. ఆవిరిని వాసన చూడనీయరాదు. ఒకే పేరు క్రింద ఎన్ని పదార్థాలు ఉన్నవో విద్యార్థి కన్నులారా చూస్తాడు. అటుపిమ్మట "సాంబ్రాణి మంచిది" అన్న మాట వింటే, "ఏ సాంబ్రాణి? ఏ రూపములో? దేనికి?" అని తానే అడుగుతాడు.

ఇంటిలో ఈ మాట చెప్పుట ప్రయోగశాలలో చెప్పినంత సులభము కాదు. బిడ్డకు పొగవేసే చేతులు ప్రేమతో నిండిన చేతులు. పదవ తరగతి చదివే మనుమరాలు పి.హెచ్. లెక్కలు చెప్పి ఆ చేతులను ఆపలేదు. "అమ్మమ్మా, సాంబ్రాణి దేవుడి దగ్గర వేద్దాము, కిటికీలు తెరుద్దాము, చంటివాణ్ణి మాత్రము పొగ పోయేదాకా అవతలి గదిలో నేను ఎత్తుకొంటాను" అని అడిగితే ఏ అమ్మమ్మా కాదనదు. ఇందులో ఆచారానికి వచ్చిన లోటు లేదు. బిడ్డ ఊపిరికి మాత్రము చాలా మేలు ఉన్నది.

టింక్చరుగా చర్మము మీద సాంబ్రాణి ఒక చిన్న మందు. లేపనములో దాని ఆమ్లము మరొక మందు. పూజలో అది పరిమళము. కుంపటి మీద, బిడ్డ ముక్కు క్రింద, అది ఉత్త పొగ. మొదటి రెండింటికీ ఉన్న మంచిపేరును ఈ పొగకు అరువు ఇచ్చుట ఇకనైనా మానవలెను.